పాత వీడియో గేమ్ బోర్డును ఇంట్లో ఆడించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద ఒక చిన్న గది ఉంది. మూతపడిన వీడియో గేమ్ షాపుల నుంచి, పాత సామాన్ల కొట్ల నుంచి తెచ్చిన బోర్డులు, రెండు డొక్కు టీవీలు, నేనే కోసి మేకులు కొట్టిన ఒక ప్లైవుడ్ డబ్బా అందులో ఉంటాయి. సెలవులకు వచ్చే చుట్టాల పిల్లల దగ్గర్నుంచి చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి ఫోన్ చేసేవాళ్ళ దాకా అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక రాసి పెడుతున్నాను. నేను ఇంజనీరును కాను, బోర్డులు కాల్చుకుని నేర్చుకున్నవాణ్ణి. ఆ లెక్కనే చదవండి.

షాపు గేమ్ బోర్డు అంటే ఏమిటి? చిన్నప్పటి క్యాసెట్ గేమ్ లాంటిదేనా?

కాదు. క్యాసెట్ గేమ్ కొంటే టీవీకి పెట్టే తీగ, అడాప్టరు, రిమోట్లు అన్నీ డబ్బాలోనే వచ్చేవి. షాపు బోర్డు పళ్ళెమంత పచ్చటి పలక, దాని నిండా ఐసీలు, ఒక అంచున బంగారు రంగు పళ్ళు, అంతే. కరెంటు, స్క్రీను, స్పీకరు, జాయ్‌స్టిక్ అన్నీ ఆ పళ్ళ ద్వారానే బయటి నుంచి రావాలి. షాపులో మనం చూసిన నిలువు డబ్బా ఈ నాలుగింటినీ బోర్డుకు అందించే పెట్టె. ఇంట్లో మనం చేయబోయే పని కూడా అదే. డబ్బా లేకుండా ఆ నాలుగింటినీ ఇచ్చే చిన్న పెట్టెను విదేశాల్లో సూపర్‌గన్ అంటారు. పేరు విని భయపడొద్దు, లోపల ఉండేది ఒక పవర్ సప్లై, కొన్ని తీగలు.

నా దగ్గరున్నది జామా బోర్డా కాదా?

1985లో జపాన్‌లోని గేమ్ మెషీన్ల తయారీదారుల సంఘం అన్ని కంపెనీలకూ ఒకే రకం కనెక్టరు పెట్టింది. ఆ సంఘం పేరునే కనెక్టరుకూ వాడుతున్నారు: జామా. బోర్డు అంచున పై వైపు 28, కింది వైపు 28, మొత్తం 56 పళ్ళుంటే దాదాపు జామానే అనుకోవచ్చు. పంటికీ పంటికీ మధ్య దూరం 3.96 మిల్లీమీటర్లు. మొదటి నుంచి లెక్కపెడితే ఏడో పన్ను దగ్గర కనెక్టరులో ఒక అడ్డు ముక్క, బోర్డులో దానికి సరిపడే గాటు ఉంటాయి.

1985కి ముందువైతే కథ వేరు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్, 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ లాంటివి ఎవరి కనెక్టరు వాళ్ళదే. వాటికి అడాప్టరు కట్టుకోవాలి, కొన్నింటికి కరెంటు కూడా వేరే రకంగా ఇవ్వాలి. మొదటి బోర్డుగా వాటి జోలికి వెళ్ళొద్దు.

ఏమేం కొనాలి?

56 పిన్నుల జామా కనెక్టరు, వీలైతే తీగలు ముందే అతికించి ఉన్నది. 5 వోల్టులు, 12 వోల్టులు ఇచ్చే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె). 8 ఓంల స్పీకరు. రెండు జాయ్‌స్టిక్‌లు, పది పన్నెండు బటన్లు. బొమ్మ కోసం ఒక కన్వర్టర్ బోర్డు. వీటన్నిటి కంటే ముందు వోల్టులు కొలిచే ఒక మల్టీమీటర్. మల్టీమీటర్ లేకుండా మొదలుపెడతానన్నవాళ్ళకు నేను బోర్డు చేతికి కూడా ఇవ్వను.

బోర్డుకు కరెంటు ఎలా ఇవ్వాలి? ఎంత ఇవ్వాలి?

ఈ ప్రశ్నకే ఎక్కువ సేపు ఆగుతాను. "చచ్చిపోయింది" అని నా దగ్గరికి వచ్చిన బోర్డుల్లో నిజంగా ఐసీ పోయినవి తక్కువ. కరెంటు సరిగా అందకనో, పళ్ళకు మురికి పట్టో మొరాయించేవే ఎక్కువ.

నేను తెచ్చిన మొదటి బోర్డు ఆన్ చేయగానే బొమ్మ చూపించేది, నాలుగైదు సెకన్లకు మళ్ళీ మొదటికి వచ్చేది. మళ్ళీ బొమ్మ, మళ్ళీ మొదటికి. వారం రోజులు ఐసీలు మార్చాలని ఇంటర్నెట్టంతా గాలించాను. చివరికి మా వీధిలోని టీవీ మెకానిక్ పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన గేమ్ ఏమిటని కూడా అడగలేదు. మీటరు తీసి సప్లై దగ్గర కొలిచాడు, సరిగ్గా 5 వోల్టులు. తర్వాత బోర్డు మీది ఒక ఐసీ కాళ్ళ దగ్గర కొలిచాడు, 4.4. "బోర్డుకేం కాలేదు నాయనా, దానికి కడుపు నిండలేదు" అన్నాడు. నేను వాడింది కాలింగ్ బెల్లుకు వేసే సన్న తీగ. దారిలోనే అర వోల్టు పైన తినేసింది. లావు తీగలు వేయగానే బోర్డు నిమ్మళంగా ఆడింది. ఆ రోజు నుంచి ఏ బోర్డు వచ్చినా మొదట కొలిచేది అదే.

ఈ బోర్డుల్లోని 74 సిరీస్ (నంబరులో 74 ఉండే) ఐసీలకు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. తక్కువైతే రీసెట్ అవుతూ ఉంటుంది, ఎక్కువైతే ఐసీలు వేడెక్కి పోతాయి. కొలవాల్సింది సప్లై దగ్గర కాదు, బోర్డు ఆడుతున్నప్పుడు బోర్డు మీద. 14 కాళ్ళ 74 సిరీస్ ఐసీ దొరికితే ఏడో కాలు, పద్నాలుగో కాలు మధ్య, 16 కాళ్ళదైతే ఎనిమిది, పదహారు మధ్య మీటరు పెట్టండి. చాలా వాటికి ఇదే వరస. సప్లైలో చిన్న స్క్రూ లాంటి అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది, దాన్ని చాలా మెల్లగా తిప్పి బోర్డు దగ్గర 5.0 నుంచి 5.1 వచ్చేలా చూసుకోండి. ముందు తీగలు లావు చేయండి, తర్వాతే స్క్రూ తిప్పండి. సన్న తీగకు సప్లైని పెంచి సరిపెడితే, రేపు ఇంకో చిన్న బోర్డు తగిలించినప్పుడు దానికి ఎక్కువ వోల్టేజీ వెళ్తుంది.

జామాలో 5 వోల్టులకు నాలుగు పళ్ళు, గ్రౌండుకు ఎనిమిది పళ్ళు ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు. అన్నిటికీ తీగలు వేయండి.

కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ పనికొస్తుందా?

వస్తుంది. ఎర్ర తీగ 5 వోల్టులు, పసుపు 12, నలుపు గ్రౌండు. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపితేనే ఆన్ అవుతుంది. రెండు ఇబ్బందులు ఉన్నాయి. దీంట్లో వోల్టేజీ సరిచేసే స్క్రూ బయటికి కనపడదు, కాబట్టి తీగల మందం మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి. రెండోది, కొన్ని పాత బోర్డులకు శబ్దం కోసం మైనస్ 5 వోల్టులు కావాలి. బాగా పాత కంప్యూటర్ సప్లైల్లో తెల్ల తీగగా అది ఉండేది, ఇప్పటి వాటిలో తీసేశారు. మైనస్ 12 తీగకు 7905 రెగ్యులేటరు (వోల్టేజీ తగ్గించే భాగం) పెట్టి తెచ్చుకోవచ్చు. మీ బోర్డుకు మైనస్ 5 అక్కర్లేకపోతే ఆ పన్ను వదిలేయండి.

కనెక్టరు తిరగేసి పెట్టాను. ఏమవుతుంది?

అడ్డు ముక్క లేని చవక కనెక్టర్లతో జరిగే ప్రమాదం ఇదే. లెక్క చూడండి. తిరగేస్తే ఆరో స్థానంలోని 12 వోల్టులు ఇరవైమూడో స్థానానికి, అంటే రెండో బటన్ దారిలోకి వెళ్తాయి. 5 వోల్టులను మాత్రమే తట్టుకునే ఐసీ మీద 12 పడుతుంది. వెంటనే ఆపేస్తే బతికి బట్టకట్టొచ్చు. బయటపడ్డా బటన్లు చదివే ఐసీ పోయి ఉండవచ్చు, అది మార్చడం పెద్ద పనేమీ కాదు. కనెక్టరు మీద ఎర్ర నెయిల్‌పాలిష్‌తో "పైవైపు" అని రాసుకోండి. మా ఇంట్లో ఆ సీసా ఇప్పుడు పనిముట్ల డబ్బాలోనే ఉంటుంది, దానిమీద రోజూ గొడవే.

ఏ పన్ను దేనికి?

ఐసీలున్న వైపు అంకెలు 1 నుంచి 28, సోల్డరింగ్ వైపు అక్షరాలు. 1, 2 గ్రౌండు. 3, 4 ప్లస్ 5. 5 మైనస్ 5. 6 ప్లస్ 12. 7 గాటు. 8 నాణేల లెక్క మీటరు. 10 స్పీకరు ప్లస్, దాని వెనకే స్పీకరు మైనస్. 12 ఎరుపు, దాని వెనక ఆకుపచ్చ. 13 నీలం, దాని వెనక సింక్ (బొమ్మను కదలకుండా నిలిపే సిగ్నలు). 14 బొమ్మ తాలూకు గ్రౌండు, దాని వెనక సర్వీస్ స్విచ్. 15 టెస్ట్. 16 నాణెం, 17 స్టార్ట్. 18 పైకి, 19 కిందికి, 20 ఎడమ, 21 కుడి. 22, 23, 24 మూడు బటన్లు. 27, 28 మళ్ళీ గ్రౌండు. 16 నుంచి 24 దాకా పై వైపు ఉన్నవి మొదటి ఆటగాడికి, వాటి వెనకవి రెండో ఆటగాడికి.

బటన్లకు కరెంటు ఇవ్వకండి, అది చాలామంది చేసే తప్పు. ప్రతి బటన్‌కూ రెండు కాళ్ళు: ఒకటి ఆ పన్నుకు, ఇంకొకటి గ్రౌండుకు. నొక్కితే గ్రౌండు తగలాలి, అంతే. గ్రౌండు తీగను ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కు పూలదండలా గుచ్చుకుంటూ పోవచ్చు.

ఆరు బటన్ల ఫైటింగ్ గేమ్‌కు మిగతా మూడూ ఎక్కడ?

1991లో స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చినప్పుడు జామాలో చోటు చాలలేదు. దాన్ని చేసిన క్యాప్‌కామ్ కంపెనీ ఆ మూడు తన్నుల బటన్లకు బోర్డు మీద వేరే చిన్న సాకెట్ పెట్టింది. దానికి విడిగా తీగల గుత్తి కట్టుకోవాలి. అది లేకుండా కొన్నవాళ్ళు గుద్దులతోనే సరిపెట్టుకుంటున్నారు.

మా ఎల్ఈడీ టీవీలో బొమ్మ వస్తుందా?

నేరుగా రాదు. బోర్డు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, సింక్ అని నాలుగు విడి తీగలుగా బొమ్మ ఇస్తుంది. సెకనుకు దాదాపు 15,700 గీతలు గీస్తుంది. మామూలు కంప్యూటర్ మానిటరు 31,000 పైచిలుకు గీతల నుంచే చూడగలదు. మధ్యలో ఒక కన్వర్టర్ కావాలి. అందరూ వాడేది జీబీఎస్ 8200 అనే చవక బోర్డు, ఇది వీజీఏగా (కంప్యూటర్ మానిటరు సిగ్నలుగా) మారుస్తుంది. పని జరుగుతుంది, కానీ బొమ్మ కొంచెం మొద్దుగా ఉంటుంది, బటన్ నొక్కిన తర్వాత కాస్త ఆలస్యంగా కదులుతుంది. దానికే చిన్న వైఫై చిప్ బోర్డు కలిపి జీబీఎస్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే చాలా మెరుగవుతుంది. డబ్బుంటే ఓఎస్‌ఎస్‌సీ, రెట్రోటింక్ లాంటివి ఉన్నాయి, వాటిలో ఆలస్యం మన కంటికి తెలియదు.

రంగులు మరీ మండిపోతున్నట్టు కనిపిస్తే బోర్డు తప్పు కాదు. షాపు మానిటర్లకు టీవీ కంటే బలమైన సిగ్నలు కావాలి కాబట్టి బోర్డు గట్టిగా పంపుతుంది. టీవీ వైపు పరికరాలు ఆశించేది 0.7 వోల్టు. మూడు రంగుల తీగలకూ మధ్యలో తిప్పే రెసిస్టరు పెట్టి తగ్గించుకోండి.

ఇంకొక చిక్కు. కొన్ని గేములు సెకనుకు 60 బొమ్మలు ఇవ్వవు. ఆర్-టైప్ దాదాపు 55, మోర్టల్ కాంబాట్ 54.7. ఖరీదైన కొత్త టీవీలు వీటిని చూసి "సిగ్నల్ లేదు" అంటాయి. మూలన పడేసిన పాత కంప్యూటర్ మానిటరు ఏమీ అనకుండా చూపిస్తుంది. అందుకే దాన్ని పాత సామాన్లవాడికి వేయొద్దు.

పిక్చర్ ట్యూబ్ టీవీలోనే ఆడాలని ఉంది.

నాకూ అదే ఇష్టం. అటకెక్కిన 21 అంగుళాల టీవీలో ఆ గీతల మధ్య నీడలతో చూస్తేనే అది షాపు గేమ్‌లా ఉంటుంది. మన టీవీల వెనక పసుపు రంగు ఏవీ సాకెట్ ఉంటుంది. ఏడీ725 లాంటి ఐసీ ఉన్న చిన్న ఎన్‌కోడర్ బోర్డు పెడితే రంగుల తీగలు ఆ ఒక్క తీగగా మారతాయి. కాస్త మసకగా వస్తుంది కానీ ఆలస్యం ఉండదు.

టీవీ వెనక మూత విప్పి నేరుగా రంగుల తీగలు అతికించే పద్ధతీ ఉంది. ఆ పని కొత్తవాళ్ళు ఒంటరిగా చేయొద్దు. ట్యూబు పక్కన రబ్బరు మూత కింద 20 వేల వోల్టుల పైన ఉంటాయి. ప్లగ్గు పీకిన తర్వాత కూడా అది అక్కడే ఉండొచ్చు. లోపల ఛాసిస్‌లో కొంత భాగం నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది, ముట్టుకుంటే షాకు కొడుతుంది. మీ ఊళ్ళో పాత టీవీ మెకానిక్ ఎవరో ఒకరు ఇంకా ఉంటారు. కొంచెం డబ్బు, ఒక కాఫీ ఇచ్చి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి.

షాపు డబ్బాలోని అసలు మానిటరు దొరికితే ఇంకో జాగ్రత్త. చాలా పాత మానిటర్లకు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (గోడ కరెంటుతో నేరు సంబంధం తెంచేది) తప్పనిసరి. డబ్బాలో అది వేరే మూల బిగించి ఉండేది, విప్పి అమ్మినవాళ్ళు దాన్ని వదిలేస్తారు. నేరుగా గోడ ప్లగ్గులో పెడితే బోర్డు, సప్లై, మానిటరు అన్నీ ఒకేసారి పోతాయి, మీ చేయి అక్కడుంటే మీరు కూడా. జపాన్ నుంచి వచ్చినదైతే 100 వోల్టులది. మన 230లో పెట్టొద్దు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

ఎన్నో ఏళ్ళుగా మూలన పడి ఉన్న సప్లైని, టీవీని నేరుగా ఆన్ చేయవచ్చా?

సీరీస్ లాంపు పెట్టి చేయండి. మన మెకానిక్‌లందరి దగ్గరా ఉండే పాత ఉపాయం ఇది. 100 వాట్ల ఫిలమెంట్ బల్బును కరెంటు దారిలో వరసగా కలుపుతారు. ఆన్ చేయగానే ఒకసారి వెలిగి మందగిస్తే పర్వాలేదు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. ఎల్ఈడీ బల్బుతో ఇది కుదరదు. ఫిలమెంట్ బల్బు ఇప్పుడు దొరకడమే కష్టం, కనిపిస్తే రెండు కొని పెట్టుకోండి.

కరెంటు సరిగ్గా ఉంది. అయినా స్క్రీను నిండా చెత్త అక్షరాలే.

బోర్డు మెదడు మొదలవడం లేదు. నేను పాటించే వరస ఇది.

మొదట అంచు పళ్ళు. స్కూలు పిల్లల తెల్ల రబ్బరుతో రుద్ది, ఐసొప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఉప్పుకాగితం వద్దు, బంగారు పూత లేచిపోతుంది. థిన్నరు, పెట్రోలు అసలే వద్దు.

తర్వాత సాకెట్లలో ఉన్న చిప్పులు. 27తో మొదలయ్యే నంబరున్న పెద్ద చిప్పుల్లో గేమ్ రాసి ఉంటుంది. కాళ్ళకు తుప్పు పడితే సాకెట్‌తో సంబంధం తెగుతుంది. సన్న స్క్రూడ్రైవరుతో రెండు చివర్లా కొద్దికొద్దిగా లేపి తీసి, తుడిచి, మళ్ళీ నొక్కండి. తీసే ముందు ఫోటో తీసుకోండి. గాటు ఏ వైపు ఉందో తప్పితే, తిరగేసి పెట్టి కరెంటు ఇస్తే ఆ చిప్పు పోయినట్టే. వాటి నెత్తిన గాజు కిటికీ ఉంటుంది, దానిమీది స్టిక్కరు పీకొద్దు. అతినీలలోహిత కిరణాలు పడితే లోపల రాసింది చెరిగిపోతుంది. మే నెల తిరుపతి ఎండలో స్టిక్కరు లేకుండా బోర్డు ఆరబెట్టాలని ఎవరికైనా అనిపిస్తే నాకు ముందు ఫోన్ చేయండి.

బోర్డులు అంతస్తులుగా ఉంటే, క్యాప్‌కామ్ సీపీఎస్ 1 రకం బోర్డులో మూడు ఉంటాయి, వాటి మధ్య కనెక్టర్లు విప్పి మళ్ళీ బిగించండి. మా చిన్నాన్న కొడుకు చిత్తూరు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన బోర్డు ఇలాగే ఒక్క నొక్కుకు బాగుపడింది.

ఆ తర్వాతే ఐసీల వంతు. ఐదు నిమిషాలు ఆడనిచ్చి వేలితో ఒక్కొక్కటీ తాకి చూడండి, వేలు పెట్టలేనంతగా కాలుతున్నది అనుమానితుడు. బొమ్మలోని మనుషులు మాత్రమే ముక్కలుగా వస్తూ వెనక దృశ్యం బాగుంటే, ఆ మనుషుల్ని గీసే రామ్‌లోనో రామ్ పక్క ఐసీల్లోనో లోపం. టెస్ట్ బటన్ నొక్కితే చాలా బోర్డులు తమ రామ్‌ను (ఆడేటప్పుడు వాడుకునే మెమరీ), రోమ్‌ను (గేమ్ రాసి ఉన్న చిప్పులు) తామే తనిఖీ చేసుకుని ఏది చెడిందో రాసి చూపిస్తాయి. మనవాళ్ళు ఈ బటన్‌కు తీగే వేయరు. వేయండి.

బొమ్మ ఏటవాలుగా చిరిగి పరుగెడుతోంది. ఎరుపు రంగు లేదు.

మొదటిది సింక్ తీగ, రెండోది ఎరుపు తీగ. సోల్డరింగ్ చూడండి.

ముస్తఫా బోర్డు దొరికింది. అదేదో బ్యాటరీ ఉందట కదా?

మన షాపుల్లో ఆ ఆటను ఎవరూ అసలు పేరుతో పిలవలేదు. 1993లో క్యాప్‌కామ్ చేసిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అది. అందులో ఆడే నలుగురిలో ఒకడి పేరు ముస్తఫా, ఆ పేరే ఆటకు పడిపోయింది.

అసలు బోర్డులో శబ్దం నడిపే ప్రాసెసరుకు తాళం వేసి, ఆ తాళం చెవిని బ్యాటరీతో బతికే మెమరీలో దాచారు. బ్యాటరీ అయిపోతే తాళం చెవి పోతుంది. అదే 1993లో వచ్చిన సీపీఎస్ 2 బోర్డుల్లో ఇంకా కఠినం: గేమ్ మొత్తం ఆ తాళం మీదే ఆధారపడింది, బ్యాటరీ చస్తే గేమ్ మొదలే కాదు. ఇలాంటి బ్యాటరీకి "ఆత్మహత్య బ్యాటరీ" అని పేరు వచ్చింది. 2016లో ఔత్సాహికులు సీపీఎస్ 2 తాళాన్ని తిరిగి రాసే పద్ధతి కనిపెట్టారు, అప్పటి నుంచి చచ్చినవి కూడా లేస్తున్నాయి. కాబట్టి "చచ్చింది, చవగ్గా ఇస్తా" అంటే వెంటనే వద్దనకండి.

ఇక్కడో తమాషా ఉంది. మన దగ్గర షాపుల్లో నేను చూసిన ముస్తఫా బోర్డులు చాలా వరకు నకళ్ళు. నకలు చేసినవాళ్ళు తాళాన్ని ముందే పగలగొట్టేశారు, బ్యాటరీయే లేదు. అసలు బోర్డు మూగబోయినా నకలు ఇంకా అరుస్తూనే ఉంటుంది. శబ్దం నాసి, అది వేరే సంగతి.

నియో జియో బోర్డు మీద పచ్చటి పొడి పేరుకుంది.

1990లో ఎస్ఎన్‌కే కంపెనీ తెచ్చిన ఈ ఎంవీఎస్ (నియో జియో షాపు రకం) బోర్డుల్లో చాలా వాటికి పీపా ఆకారపు నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఇందులో ఆత్మహత్య ఏమీ లేదు, లెక్కలు, సెట్టింగులు దాచుకోవడానికే. కానీ అది కారితే చుట్టుపక్కల రాగి గీతల్ని తినేస్తుంది. నేడే కత్తిరించి తీసేయండి. కారింది క్షారం కాబట్టి తెల్ల వెనిగర్ దూదితో అద్ది, తర్వాత ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. దాని స్థానంలో బిళ్ళ లిథియం బ్యాటరీ పెట్టేట్టయితే డయోడు (కరెంటును ఒక్క వైపే పోనిచ్చే భాగం) తప్పనిసరి. ఆ బోర్డు బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది, లిథియం బిళ్ళను ఛార్జ్ చేస్తే ఉబ్బి పగలొచ్చు.

జాయ్‌స్టిక్ ఏది మంచిది?

చేతి అలవాటును బట్టి. ఒక్క మాట: ప్యాక్‌మ్యాన్ రకం ఆటలు నాలుగు దిక్కుల కోసమే చేశారు. ఎనిమిది దిక్కుల జాయ్‌స్టిక్‌తో మలుపుల దగ్గర ఇరుక్కుని చస్తారు. అడుగున తిప్పి నాలుగు దిక్కులకు మార్చుకునే పలక ఉన్నది తీసుకోండి.

శబ్దాన్ని హోమ్ థియేటర్‌కు ఇవ్వొచ్చా?

నేరుగా వద్దు. జామా శబ్దం బోర్డు మీదే పెద్దదై స్పీకరుకు సిద్ధంగా వస్తుంది. పైగా కొన్ని బోర్డుల్లో స్పీకరు మైనస్ అంటే గ్రౌండు కాదు, రెండూ కలిపేస్తే యాంప్లిఫయర్ ఐసీ కాలుతుంది. 8 ఓంల స్పీకరు పెట్టి బోర్డు మీది చిన్న వాల్యూమ్ తిప్పుకోండి. శబ్దం గరగరమంటే ఆ ఐసీ చుట్టూ ఉన్న కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, మార్చండి.

మన వాతావరణానికి ఏమైనా జాగ్రత్తలు?

ఎండాకాలం మిద్దె మీది గది పొయ్యి లాగే ఉంటుంది. మధ్యాహ్నం నేను ఆన్ చేయను, సాయంత్రం ఒక చిన్న ఫ్యాను బోర్డు వైపు తిప్పి పెడతాను. అంతకంటే పాడు కాలం అక్టోబరు నుంచి డిసెంబరు, వాయుగుండాలు వచ్చినప్పుడు. ఆ తేమకే ఐసీ కాళ్ళు నల్లబడతాయి. వాడనప్పుడు యాంటీ స్టాటిక్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వంటింటి అల్యూమినియం రేకు మాత్రం చుట్టొద్దు, బ్యాటరీ ఉన్న బోర్డు దానితో షార్ట్ అవుతుంది. పల్లెల్లో వోల్టేజీ ఎగిరిపడుతుంటే స్టెబిలైజర్ వాడండి. మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ ఉందో లేదో కూడా చూపించుకోండి, కంట్రోల్ ప్యానెల్ ఇనుముదైతే అది మరీ ముఖ్యం.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

తిరుపతివాళ్ళకు చెన్నై రిచీ స్ట్రీట్, చిత్తూరువాళ్ళకు బెంగళూరు ఎస్పీ రోడ్డు. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. ఐసీ నంబర్లు కాగితం మీద రాసుకుని వెళ్ళండి, నోటితో చెబితే ఏదో ఒకటి అంటగడతారు. జామా కనెక్టర్లు, జాయ్‌స్టిక్‌లు ఆన్‌లైన్‌లోనే సులువు. బోర్డుల కోసం మాత్రం పాత సినిమా హాళ్ళ చుట్టుపక్కల సందుల్లో అడగండి. షాపు మూసేసి ఇప్పుడు జిరాక్స్ కొట్టు నడుపుతున్నవాళ్ళ అటక మీద ఇంకా ఉంటాయి.

ఇంత కష్టం ఎందుకు? రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో అన్నీ ఆడుకోవచ్చు కదా?

ఆడుకోవచ్చు. ఆట మాత్రమే కావాలంటే అదే మేలు, నేను వెక్కిరించను. మేమ్ అనే ఎమ్యులేటర్ (పాత బోర్డులా పనిచేసే సాఫ్ట్‌వేర్) 1997 నుంచి ఉంది. బోర్డులు బాగుచేసే మాకు కూడా అదే దిక్కు. నా చిప్పులో రాసింది సరైనదో కాదో తెలుసుకోవడానికి దాని జాబితాలోని అంకెలతోనే పోల్చి చూస్తాను. గేములకు కాపీరైట్ ఉంటుందన్నది గుర్తుంచుకోండి. వందల ఆటలు ఒకే దాంట్లో ఉండే చైనా బోర్డులు జామా పళ్ళతోనే వస్తాయి. మీ తీగలు సరిగ్గా వేశారో లేదో చూసుకోవడానికి అలాంటిది ఒకటి ఉంటే మంచిది, అరుదైన బోర్డును పణంగా పెట్టకుండా ఉంటుంది.

నాణెం వేసే పెట్టె కూడా పెట్టాలా?

అక్కర్లేదు. 16వ పన్నుకు ఒక బటన్ పెట్టి నొక్కితే చాలు. చాలా బోర్డుల మీది చిన్న డిప్ స్విచ్‌లతో ఫ్రీ ప్లే కూడా పెట్టుకోవచ్చు.

నేను మాత్రం పెట్టాను. పాత షాపు నుంచి వచ్చిన ఆ పెట్టె 1990ల నాటి రూపాయి బిళ్ళ కోసం చేసింది. ఆ బిళ్ళ 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011లో వచ్చిన రూపాయి 22 మిల్లీమీటర్లే, వేస్తే జారి కింది గిన్నెలో పడిపోతుంది. అయితే 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ళ సరిగ్గా పాత రూపాయి కొలతే. అది వేస్తే టక్కున క్రెడిట్ పడుతుంది. మా మేనల్లుడు వారం రోజులు రెండు రూపాయల బిళ్ళలు పోగేసి, "మామా, రేటు ఎప్పుడు పెంచినావు?" అని అడిగాడు.